బుగ్గలకు మార్కులు

ప్రభుత్వం ఏదైనా మంచిపని చేయాలని గట్టిగా అనుకున్నప్పుడల్లా నాకు ఎడమకన్ను అదురుతుంది. మా సంగీత నృత్య కళాశాలకు లాప్‌టాప్ మంజూరైందని నోటీసు బోర్డులో పెట్టిన రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదురుతూనే ఉంది. నిద్ర చాలక అంది మా ఆవిడ. కాదని నాకు తెలుసు.

నేను ఆ కళాశాలలో నాదస్వరం నేర్పుతాను. అంతకుముందు మా దగ్గర పరీక్షలు పాతకాలపు పద్ధతిలో జరిగేవి. పైనుంచి ఒక విద్వాంసుడు వచ్చేవాడు. పిల్లలు పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు. ఆయన చెవులతో విని మార్కులు వేసేవాడు. ఇంత అనాగరికమైన విధానం ఇన్నేళ్ళు ఎలా సాగిందో ఎవరికీ తెలియదు. ఒక ఏడాది ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. పరీక్షకు వచ్చిన విద్వాంసులకు మా క్యాంటీన్ పెసరట్టు పెడుతున్నారనీ, పెసరట్టును బట్టి మార్కులు పడుతున్నాయనీ దాని సారాంశం. సంగీత విద్యాశాఖ కమిషనర్ గారు స్వయంగా విచారణకు వచ్చారు. రెండు పెసరట్లు తిన్నారు. ఆరోపణలో నిజం ఉండే అవకాశం కలదని రాసుకుని వెళ్ళారు.

విద్వాంసుడు రావడం వల్ల పెసరట్టు, పెసరట్టు వల్ల పక్షపాతం. కాబట్టి విద్వాంసుడు రాకూడదు. ఆయన రాజధానిలో ఒక గదిలో కూర్చుంటాడు, అభ్యర్థి మా ఊళ్ళో ఒక గదిలో కూర్చుంటాడు, మధ్యలో లాప్‌టాప్ ఉంటుంది. దీనికి 'పారదర్శక శ్రవణ విధానం' అని పేరు పెట్టారు.

లాప్‌టాప్ రాగానే దాన్ని వీణలు పెట్టే బల్ల మీద పెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. నీళ్ళు దాని మీద పడకుండా కంప్యూటర్ ఆపరేటర్ చక్రధరం చేతులు అడ్డం పెట్టాడు. ఆన్ చేయగానే అది 'టింగ్' అంది. గాత్రం చెప్పే మేడం అది షడ్జమం అన్నారు, వయొలిన్ మాస్టారు కాదు పంచమం అన్నారు. ఆ వాదన తేలకముందే పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయడమేమనగా, ప్రభుత్వ లాప్‌టాప్‌ల యందు ఆమోదిత జాబితాలో లేని ప్రతి ప్రోగ్రామును తొలగించి, యంత్రశుద్ధి గావించి, సదరు శుద్ధి జరిగినట్లు ధ్రువీకరణ పంపవలెను."

ఎక్కడో ఏదో కార్యాలయంలో ఒక గుమాస్తా పనివేళల్లో సినిమా పాటలు వింటూ దొరికాడట. అతన్ని మందలిస్తే సరిపోయేది. కానీ ఒక మనిషిని మందలించడం కన్నా అన్ని శాఖల నుంచీ శబ్దాన్ని తీసేయడమే సులువని పైవాళ్ళు తేల్చారు. జాబితాలో టైపు ఉంది, లెక్కలు ఉన్నాయి, క్యాలెండరు ఉంది, వీడియో మీటింగు ఉంది. శబ్దానికి సంబంధించింది ఏదీ లేదు. సంగీత కళాశాల కూడా కార్యాలయమే కాబట్టి చక్రధరం శుద్ధి గావించాడు.

మర్నాడు నేను లాప్‌టాప్ ముందు కూర్చుని కల్యాణి రాగం వాయించి చూశాను. గోడ అవతల నాట్యం నేర్చుకుంటున్న పిల్లలు ఆగిపోయి విన్నారు. లాప్‌టాప్ వినలేదు. తెర అంచున స్పీకర్ బొమ్మ మీద ఎర్ర గుర్తు పడింది.

"సౌండ్ డ్రైవర్ పోయిందండీ మాస్టారూ," అన్నాడు చక్రధరం. "స్పీకర్ ఉంది, మైకూ ఉంది. వాటిని నడిపే ప్రోగ్రామ్ లేదు. అది లేకపోతే తనకి చెవులున్నాయనీ, నోరుందనీ లాప్‌టాప్‌కి తెలీదండి."

"మళ్ళీ పెట్టెయ్."

"ఐదు నిమిషాల పనండీ. కంపెనీ సైట్లోంచి దింపుకుని రీస్టార్ట్ చేస్తే అయిపోద్ది. కానీ జాబితాలో లేదు కదా. పెడితే నా ఉద్యోగం పోద్ది."

పోనీ దాన్నే అడుగుదామన్నాడు. లాప్‌టాప్‌లోనే తన జబ్బు తాను చూసుకునే ఏర్పాటు ఒకటుందట. నొక్కాడు. ఒక చక్రం కాసేపు తిరిగి, శబ్ద పరికరం ఏదీ కనపడలేదనీ, అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించమనీ చెప్పింది. అడ్మినిస్ట్రేటర్ అంటే రాజధానిలో ఉన్న సహాయ కేంద్రం. ఫోన్ చేశాం.

"లాప్‌టాప్ ఆన్ అవుతోందా సార్?" అంది అవతలి గొంతు.

"అవుతోంది."

"బొమ్మ కనపడుతోందా?"

"కనపడుతోంది. వినపడటం లేదు."

"ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్."

చేశాం. ఎర్ర గుర్తు మరింత ఎర్రగా కనిపించింది.

"మీది ఏ శాఖ సార్?"

"సంగీత కళాశాలండీ."

కాసేపు మీటలు నొక్కిన చప్పుడు. "మీ శాఖకు శబ్దం మంజూరైనట్టు ఇక్కడ చూపించడం లేదు సార్."

సాయంత్రానికల్లా చక్రధరం ఫోన్‌కు సందేశం వచ్చింది. మా సమస్య సంతృప్తికరంగా పరిష్కరించబడినదట.

నేను ప్రిన్సిపాల్ డాక్టర్ అలివేలు మంగతాయారు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నాట్యం వైపు నుంచి వచ్చిన మనిషి. సంగీతం అనేది నాట్యానికి పక్కన కూర్చునే సరుకని ఆవిడ నమ్మకం.

"పరీక్ష వాయిదా వేయడానికి మూడే కారణాలు ఒప్పుకుంటారండీ మాస్టారూ," అన్నారు. "వరద, కర్ఫ్యూ, ప్రముఖుల మరణం. శబ్దం లేకపోవడం అందులో లేదు." కిటికీలోంచి ఆకాశం కేసి చూశారు. మబ్బు తునక కూడా లేదు. "ప్రముఖులు కూడా అందరూ ఆరోగ్యంగానే ఉన్నారు," అని నిట్టూర్చారు.

నా బాధంతా నాంచారి గురించి. నాంచారి నా శిష్యురాలు. తండ్రి కోటిలింగం మా ఊరి వేణుగోపాలస్వామి గుడిలో ఆస్థాన విద్వాంసుడు. ఆయన తెల్లవారుజామున భూపాలం ఎత్తుకుంటే పాలవాళ్ళు సైకిళ్ళు దిగి నడిచి వెళ్ళేవాళ్ళు. పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు పోయింది. నాదస్వరం పీక పెదవుల మధ్య నిలవదు. కూతురు అచ్చంగా తండ్రిలాగే వాయిస్తుంది. తండ్రి కూర్చున్న చోటే కూర్చుని స్వామికి వాయించాలన్నది ఆ పిల్లకున్న ఒకే ఒక్క కోరిక. గుడి ఈఓ గారు అభ్యంతరం లేదన్నారు, డిప్లొమా ఉంటే చాలన్నారు. దసరా లోపల డిప్లొమా రాకపోతే మాత్రం స్విచ్ వేయగానే డోలూ గంటా సన్నాయీ వాటంతటవే మోగే యంత్రం ఒకటి కొని పెడతామన్నారు. దానికి ఏ అర్హతలూ అక్కర్లేదు.

పరీక్ష రోజు వచ్చింది. తెర మీద రాజధానిలోని పరీక్షాధికారి ఆచార్య విశ్వపతి గారు కనిపించారు. పెద్దాయన. నమస్కారం పెట్టారు, ఏదో అన్నారు. మాకు వినపడలేదు. మేమూ ఏదో అన్నాం. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టి చూపించారు. మేమూ చెవి వెనక చెయ్యి పెట్టి చూపించాం. పాపం ఆయన ఒక కాగితం మీద 'వినపడుట లేదు' అని పెద్ద అక్షరాలతో రాసి పైకెత్తారు. పక్క నుంచి ఎవరిదో చెయ్యి వచ్చి ఆ కాగితం లాక్కుపోయింది. పరీక్ష జరుగుతుండగా కాగితాలు చూపించడం మాల్‌ప్రాక్టీసు కిందికి వస్తుందని తర్వాత తెలిసింది. పారదర్శకత కోసం ఆయన ఫోన్ కూడా ముందే తీసేసుకున్నారట.

ఆయన ముందున్న మార్కుల పత్రంలో అడిగింది రెండే. అభ్యర్థి హాజరా? చిత్రం స్పష్టమా? రెండూ అవునే. ఆ తర్వాత మార్కుల గడి. అందులో ఖాళీ వదిలితే ఆయన మీద చర్య తీసుకుంటారు. పెద్ద వయసులో చర్యలు తట్టుకోలేని మనిషి, కంటికి కనపడిన దాన్నిబట్టి వేసుకుంటూ పోయారు.

గాత్రం పరీక్షకు గరుడాచలం అనే కుర్రాడు కూర్చున్నాడు. వాడు నోరు తెరిస్తే హాస్టల్ కుక్కలు లేచి వెళ్ళిపోతాయి. కానీ చేతులు మాత్రం మహా గొప్పగా తిప్పుతాడు. పై షడ్జమానికి వెళ్ళేటప్పుడు కుర్చీలోంచి సగం లేస్తాడు, తల ఊపితే పిలక గాల్లో తేలుతుంది. ఆచార్యుల వారు కళ్ళు తుడుచుకుని నూటికి తొంభై ఆరు వేశారు.

నాంచారి వాయించింది. గది బయట మొక్కలకు నీళ్ళు పోస్తున్న మనిషి పైపు అలాగే పట్టుకుని నిలబడిపోతే వరండా అంతా తడిసింది. నాదస్వరం నేర్చినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. చేతగానివాడు బుగ్గలు పూరీల్లా ఉబ్బించి ఊదుతాడు. వచ్చినవాడికి ఊపిరి బొడ్డు దగ్గర నుంచి వస్తుంది, బుగ్గలు కదలవు. కోటిలింగం కూతురికి మొదట నేర్పిందే అది. ఆ పిల్ల ముఖం దీపం ముందు కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉంది.

ఫలితాలు వచ్చాయి. నాంచారికి నూటికి ఇరవై రెండు. పక్కన కారణం రాశారు: "అభ్యర్థినిలో కృషి కనిపించలేదు."

ఆ పిల్ల నా గదిలోకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. "మాస్టారూ, నేనేం తప్పు వాయించానండీ?" అంది. ఏం చెప్పను? తప్పు వాయించి ఉంటే చెప్పేవాణ్ణి.  ఆ రోజు అన్నం సహించలేదు.

కమిషనర్ కార్యాలయానికి మాత్రం పండగే. మా కళాశాల చరిత్రలో అంతమంది ఎప్పుడూ పాసవలేదు. శ్రుతి తప్పినవాళ్ళు పాసయ్యారు, తాళం తప్పినవాళ్ళు పాసయ్యారు. జలుబుతో గొంతు పూర్తిగా పోయిన అమ్మాయికి మొదటి తరగతి వచ్చింది. ఒక్క ఫిర్యాదు లేదు, ఒక్క పెసరట్టు ఖర్చు లేదు. కమిషనర్ గారు అభినందన సభ పెట్టి ఉపన్యసించారు.

"శబ్దమనేది మూల్యాంకనమునకు ఆటంకమని ఈ ప్రయోగము ద్వారా నిరూపితమైనది. శబ్దము ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా వినపడును. దృశ్యము అందరికీ ఒక్కటే. కావున రాబోవు విద్యాసంవత్సరము నుండి రాష్ట్రమందలి సమస్త సంగీత కళాశాలల యందు దృశ్య సంగీత విధానము అమలుపరచబడును."

సభ చప్పట్లతో మారుమోగింది. చప్పట్లు కూడా దృశ్య విధానంలో కొట్టాలన్న ఆలోచన అప్పటికింకా ఎవరికీ రాలేదు.

ఇక మా కళాశాలలో పనులు చురుగ్గా సాగాయి. ప్రతి తరగతి గదిలో నిలువుటద్దం పెట్టారు. తంబురా తీగలు స్టోర్ రూములో భద్రపరిచారు. గాత్రం మేడం పిల్లలకు నోరు ఎంత తెరవాలో స్కేలుతో కొలిచి చెప్పేవారు. మృదంగం మాస్టారు చేతులు మృదంగానికి తగలకుండా ఆపడం సాధన చేయించేవారు. అది నిజంగానే కష్టమైన విద్య. కళాశాల ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పక్కనున్న ఆసుపత్రి వాళ్ళు వచ్చి ఎవరైనా పోయారా అని అడిగారు.

మధ్యలో ఒక అపశ్రుతి దొర్లింది. లాప్‌టాప్ అమ్మిన కంపెనీ నుంచి వారంటీ కింద తనిఖీకి ఒక కుర్ర టెక్నీషియన్ వచ్చాడు. ఎర్ర గుర్తు చూశాడు. ఎవర్నీ అడగకుండా సౌండ్ డ్రైవర్ దించాడు, పెట్టాడు, రీస్టార్ట్ చేశాడు. లాప్‌టాప్ 'టింగ్' అంది. కళాశాల అంతా ఉలిక్కిపడింది. ప్రిన్సిపాల్ గారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"ఎవరు బాబూ నువ్వు? ఎవరి అనుమతితో వినపడేట్టు చేశావు?"

"పాడైపోయిందని బాగు చేశానండీ," అన్నాడు కుర్రాడు.

"పాడైంది కాదు నాయనా, అది విధానం!"

ఆవిడ ఫోన్ చేస్తే అదే గంటలో కమిషనర్ గారు రాజధానిలో ఆచార్య విశ్వపతి గారిని తెర ముందు కూర్చోబెట్టి, గరుడాచలం చేత ఒకసారి లాప్‌టాప్‌లో పాడించి చూశారట. ఆచార్యుల వారు నాలుగు మార్కులు వేసి, మంచినీళ్ళు తెప్పించుకుని తాగారు. తొంభై ఆరు ఎక్కడ, నాలుగెక్కడ! శబ్దం చేరగానే ఉత్తీర్ణత కుప్పకూలుతోందని గణాంకాలతో సహా తేలిపోయింది. చక్రధరం చేత డ్రైవర్ తీయించేశారు. ఈసారి ఎర్ర గుర్తు పడగానే ప్రిన్సిపాల్ గారు హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డారు.

దసరా దగ్గరికి వస్తోంది. దానికి ముందు సప్లిమెంటరీ పరీక్ష ఒక్కటే మిగిలింది. నేను నాంచారిని కూర్చోబెట్టుకుని చెప్పాను.

"అమ్మా, ఈసారి ఊదకు. పీక నోట్లో పెట్టుకుని బుగ్గలు ఉబ్బించు. కళ్ళు పెద్దవి చెయ్యి. మెడ నరాలు కనపడాలి. నుదుటి మీద కాసిని నీళ్ళు చల్లుకో, చెమటలా ఉంటుంది."

"నాన్నకి తెలిస్తే చంపేస్తాడండి."

తెలియనే తెలిసింది. కోటిలింగం కర్ర పోటేసుకుంటూ మా ఇంటికొచ్చాడు. మాట సగం నోట్లోనే ఆగిపోతుంది ఆయనకు. అయినా ఆ రోజు అన్నీ స్పష్టంగానే అర్థమయ్యాయి.

"మాస్టారూ, నా పిల్ల బుగ్గలు ఉబ్బకుండా ఉండటానికి మూడేళ్ళు పట్టింది. మా ఇంట్లో ఆ కోతిమూతి సాధన చేసిందంటే సన్నాయి తీసుకెళ్ళి పొయ్యిలో పెడతా. చెప్తున్నా."

"మరి గుళ్ళో యంత్రం పెడతారు, కోటిలింగం. నీ చోట్లో యంత్రం కూర్చుంటుంది."

ఆయన చాలాసేపు కర్రతో నేల మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. "అయితే మా ఇంట్లో ఒద్దు," అన్నాడు చివరికి. "మీ కాలేజీలోనే ఏడవమనండి."

ఆ పిల్ల అద్దం ముందు కూర్చుని బుగ్గలు ఉబ్బించడం నేర్చుకుంది. నేను నేర్పాను. రోజుకు రెండు గంటలు, నిశ్శబ్దంగా. నా జీవితంలో అంత పాడు ఉద్యోగం చేయలేదు. సప్లిమెంటరీలో నాంచారికి నూటికి తొంభై తొమ్మిది వచ్చాయి. ఆచార్యుల వారు పక్కన రాసిన కారణం: "అభ్యర్థిని ప్రాణం పెట్టి వాయించినది."

డిప్లొమా పట్టుకుని గుడికి వెళ్ళాం. ఈఓ గారు రిజిస్ట్రేషన్ల శాఖ నుంచి బదిలీ మీద వచ్చినవారు. కాగితం చదవకుండా సంతకం చేసే అలవాటు ఆయనకు లేదు. కళ్ళజోడు సవరించుకుని డిప్లొమా మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"ఇందులో 'దృశ్య విధానమున ఉత్తీర్ణురాలు' అని ఉందే?"

"ఆ... అదే విధానమండీ ఇప్పుడు," అన్నాను.

"అంటే ఈ అమ్మాయి శబ్దం చేయడానికి అర్హురాలు అని ఎక్కడా లేదు. రేపు శబ్దం చేసిందనుకోండి, ఆడిట్ వాళ్ళు అర్హత లేని శబ్దానికి జీతం ఎలా ఇచ్చారని నన్ను పట్టుకుంటారు."  ఆయన మంచివాడు, అన్యాయం చేయడం ఇష్టం లేదు. "ఒక పని చేద్దాం. ఉద్యోగం ఇస్తాను. శబ్దానికి యంత్రం కొంటాను. అమ్మాయి పక్కన కూర్చుని దృశ్యం చూసుకుంటుంది. ఎవరి అర్హత ప్రకారం వాళ్ళు."

అలా గుళ్ళో యంత్రం కూడా వచ్చింది, నాంచారి కూడా వచ్చింది. హారతి వేళకు స్విచ్ వేస్తే యంత్రం ఢమఢమా మోగేది. పక్కన ఆ పిల్ల తండ్రి చోట్లో కూర్చుని, తండ్రి సన్నాయే నోట్లో పెట్టుకుని, ఊదకుండా బుగ్గలు ఉబ్బించేది. భక్తులు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పసిపిల్లలు మాత్రం నవ్వేవాళ్ళు. కోటిలింగం గుడికి రావడం మానేశాడు.

మాఘమాసంలో స్వామివారి కల్యాణం. తెలుగునాట పెళ్ళిలో గట్టిమేళం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పంతులు సూత్రం చేతిలోకి తీసుకోగానే వేలు పైకెత్తుతాడు, డోలూ సన్నాయీ ఒక్కసారిగా చెలరేగుతాయి. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట అన్నా ఎవరి చెవినా పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. మనుషుల పెళ్ళికే అంత పట్టింపు ఉంటే దేవుడి పెళ్ళికి చెప్పేదేముంది. ఆ ఏడాది ముఖ్య అతిథిగా కమిషనర్ గారు సతీసమేతంగా వచ్చి పీటల పక్కనే కూర్చున్నారు. ఊరంతా వచ్చింది. అందరూ బతిమాలితే కోటిలింగం కూడా వచ్చి మొదటి వరుసలో కుర్చీలో కూర్చున్నాడు, కూతురి వైపు చూడకుండా.

ముహూర్తం వచ్చింది. అర్చకుడు మంగళసూత్రం పళ్ళెంలోంచి తీసి భక్తులందరికీ చూపించి, వేలు పైకెత్తాడు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

ఈఓ గారు స్వయంగా స్విచ్ వేశారు. గోపురం మీద రంగు దీపాలు, పందిట్లో ఫ్యాన్లు, కమిషనర్ గారి కోసం పెట్టిన కూలర్, వాటికి తోడు యంత్రం. అన్నీ కలిసి గుడి కరెంటు నడుం విరగ్గొట్టాయి. ఫట్‌మని ఒక చప్పుడు, అన్నీ ఆరిపోయాయి. యంత్రం డోలు మీద లేచిన పుల్ల లేచినట్టే ఆగిపోయింది. అంత జనంలో చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో కమిషనర్ గారు తుమ్మారు.

మామూలు తుమ్ము కాదు. పందిరి గుంజల దాకా వినపడింది. అర్చకుడి చెయ్యి సూత్రంతో సహా గాల్లోనే ఉండిపోయింది. ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. "సూత్రం వేళ తుమ్ము! అపచారం!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కమిషనర్ గారి భార్య ఆయన తొడ మీద ఒక్కటిచ్చింది. ఆయన ముక్కు చూస్తే ఇంకో తుమ్ము దారిలో ఉందని తెలుస్తూనే ఉంది.

"వాయించమ్మా! నాంచారమ్మా, వాయించు!" అని ఈఓ గారు అరిచారు.

నాంచారి సన్నాయి ఎత్తింది. పీక పెదవుల దగ్గరిదాకా వచ్చి ఆగింది. ఈఓ గారిని కాదు, కమిషనర్ గారిని చూసి అడిగింది.

"శబ్దంతోనా అండీ, డిప్లొమా ప్రకారమా?"

కమిషనర్ గారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నారు. "శబ్దంతో!" అన్నారు. "శబ్దంతోనే తల్లీ! గట్టిగా!"

ఆ పిల్ల ఊదింది. నెలల తరబడి ఊపిరి పోయని సన్నాయి, బుగ్గలకు అలవాటుపడ్డ నోరు. మొదటి స్వరం చీలిపోయింది. బుగ్గలు వాటంతటవే ఉబ్బాయి. రెండోదీ చీలింది. ఆ ఉబ్బించడం నేర్పింది నేనే కదా. అప్పుడు చూశాను, మొదటి వరుసలో కోటిలింగం వంకరపోయిన తన బుగ్గ మీద వేలు పెట్టి లోపలికి నొక్కుతున్నాడు. చిన్నప్పుడు ఆ పిల్లకు పాఠం చెప్పేటప్పుడు అలాగే చూపించేవాడట. నాంచారి చూసింది. బుగ్గలు లోపలికి వెళ్ళాయి. భుజాలు దిగాయి. ఊపిరి రావలసిన చోటి నుంచి వచ్చింది.

ఆ తర్వాత ఏం వాయించిందో వర్ణించడం నా వల్ల కాదు. సంగీతం మాస్టారినై ఉండీ నాకు రాగం పేరు కూడా తట్టలేదు. ఏడుస్తున్నాను. పక్కనున్న వయొలిన్ మాస్టారూ ఏడుస్తున్నాడు. కమిషనర్ గారు రెండో తుమ్ము తుమ్మారో లేదో ఎవరికీ తెలియదు. అర్చకుడు సూత్రం కట్టాడు, జనం అక్షతలు వేశారు, ఆ పిల్ల ఆపలేదు. చాలాకాలానికి స్వామికి ఎదురుగా కూర్చుని వాయిస్తోంది, ఎందుకు ఆపుతుంది?

వారం తిరక్కుండానే, డిప్లొమా ఇచ్చిన హోదాలో, కమిషనర్ కార్యాలయం నుంచి పరిశీలన నివేదిక వచ్చింది. నేనే తీసుకెళ్ళి కోటిలింగం ఇంట్లో చదివాను.

"సదరు ఉద్యోగిని ప్రారంభమున కనబరచిన కృషి ప్రశంసనీయము. అయితే కొద్దిసేపటికే బుగ్గలు కుంచించుకుపోయి, కృషి పూర్తిగా లోపించినట్లు గమనించడమైనది. శబ్దము విషయమై: శబ్దము బాగుగానే ఉన్నది, అయితే అది మూల్యాంకన పరిధిలోనికి రాదు. కావున సదరు ఉద్యోగిని ఆరు నెలల పునశ్చరణ శిక్షణ పొందవలెను, లేనిచో పదవి ఖాళీ అయినట్లు భావించబడును."

"ఏం శిక్షణంట?" అన్నాడు కోటిలింగం.

"బుగ్గలు ఉబ్బించడం."

నాంచారి కాగితం తీసుకుని శబ్దం గురించి రాసిన ముక్క మళ్ళీ చదువుకుంది. తర్వాత మడిచి నా చేతికిచ్చేసింది. "నేను రానండీ మాస్టారూ," అంది. "నాన్న చోటు కావాలనుకున్నాను. చోటు దొరికింది గానీ అందులో నాన్న పని లేదు."  ఈసారి ఏడ్చింది. కోటిలింగం ఒద్దనలేదు.

పదవి ఖాళీ అయింది. వారంలోపే గరుడాచలాన్ని వేశారు. వాడు జన్మలో సన్నాయి పట్టుకోలేదు కాబట్టి పొరపాటున కూడా శబ్దం చేసే ప్రమాదం లేదని ఈఓ గారు నిశ్చింతగా ఉన్నారు. వాడి బుగ్గలు చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వస్తున్నారట.

కోటిలింగం ఇల్లు గుడి వీధిలోనే ఉంది. సాయంత్రం హారతి వేళకు గుళ్ళో యంత్రం మొదలవగానే ఇక్కడ అరుగు మీద నాంచారి సన్నాయి ఎత్తుతుంది. గుళ్ళో దణ్ణం పెట్టుకుంటున్నవాళ్ళ తలలు వీధి వైపు తిరుగుతున్నాయని అర్చకుడే నాతో చెప్పాడు. ఈ మధ్య హారతి కూడా కాస్త నెమ్మదిగా ఇస్తున్నాడట.

ప్రైవేటు గృహము నుండి వెలువడు నాదస్వరము వలన దేవస్థానపు యంత్రమునకు అంతరాయము కలుగుచున్నదని ఈఓ గారు నోటీసు తయారు చేయించి, గుడి బంట్రోతు చేతికిచ్చి పంపించారు. అతను వచ్చేసరికి నాంచారి వాయిస్తోంది. మధ్యలో ఆపమనడం బాగుండదని అరుగు చివర కూర్చున్నాడు. వాయింపు అయ్యాక లేచి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, నోటీసు జేబులో ఉన్న సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ పంపించారు. ఆ రోజూ మరిచిపోయాడు.